ముడి వెయ్యని మూల

మూల తెరిచి పంపిన బొంత మూల మూసుకొని తిరిగొచ్చింది. చిత్రభాను సంవత్సరం ఎండాకాలమంటే నాకు ముందు గుర్తొచ్చేది అదే. జపానువాళ్లు చెన్నపట్నం మీద బాంబులేస్తారని పుకారు పుట్టి, పట్నం పట్నమే రైళ్లెక్కి పారిపోయిన ఏడు అది. మా తిరుత్తణిలో సత్రాలు నిండినాయి, తిన్నెలు నిండినాయి, గొడ్లపాకల్లో కూడా వకీళ్లు కాపురాలు పెట్టినారు. మా ఇంట్లో మాత్రం అప్పటికి ఇద్దరమే మనుషులం. మా అత్త గోవిందమ్మ, నేను.

మా ఆయన రంగూన్‌లో ఉండినాడు. బియ్యం మిల్లులో మేస్త్రీ. ధనుర్మాసంలో రంగూన్ మీద బాంబులు పడినాయని తెలిసింది. ఆ తర్వాత ఆయన దగ్గర్నుంచి మాట లేదు.

నాకు బొంతలు కుట్టే పిచ్చి. అవసరమై కాదు. కప్పుకొనేదానికి మా ఇంట్లో కంబళ్లు ఉండినాయి, రెండు బావుల సేద్యముండింది. కొందరికి ఆకూవక్కా, కొందరికి ఊళ్లో కబుర్లు, నాకు బొంత. పాత చీరలు ఉతికి ఆరేసి, పొర మీద పొర పరిచి, పైన రంగు గుడ్డలు పేర్చి, తేనెమైనం రాసిన పోగుతో వరస పక్కన వరస కుట్టుకుంటూ పోతే మధ్యాహ్నం ఎట్ల గడిచిందో తెలిసేది కాదు. పొరలు జరగకుండా నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టాలి. ఆ రాళ్లు మా ఆయన నందియేట్లో వెతికి తెచ్చినవి, అరిసెల మాదిరి చదునుగా, నున్నగా. ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఆయనే పెట్టేవాడు. "నువ్వు జరుగు, నీకు గుడ్డ లాగేది రాదు" అని తలవైపు రెండు, కాళ్లవైపు రెండు పెట్టి, నడుమ గాలి నిలవకుండా అరచేత్తో పైనుంచి కింది దాకా దువ్వేవాడు. మడక పట్టే మొగోడికి ఆడపని మీద ఇంత మోజేందని చుట్టుపక్కల నవ్వుకొనేవాళ్లు.

రంగూన్ పోయేనాడు ఆయనకొక బొంత కుట్టిచ్చినాను. మా పుట్టిల్లు ఆరంబాక్కం. నీళ్లమీద బతికే మనుషులు చుట్టూ ఉన్న ఊరు. మా అమ్మ నేర్పిన పద్ధతి ఒకటుంది. ఊరెళ్లే మనిషికిచ్చే బొంతకు నాలుగో మూల మూయకూడదు. పోగు తెంచకూడదు, ముడి వెయ్యకూడదు. మిగిలిన పోగును చీపురుపుల్లకు చుట్టి ఆ మూలలో దూర్చి వదిలెయ్యాలి. పోయిన మనిషి ఇంటికొచ్చి, ఆ బొంత మీద ఒక రాత్రి పడుకొని లేచినాక, కుట్టిన చెయ్యే మూల మూసి ముడి వెయ్యాలి. అప్పటికి ప్రయాణం ముగిసినట్టు. ముందే ముడి వేస్తే దారి మూసినట్టు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. మాకొక మగబిడ్డ పుట్టినాడు. పుట్టువెంట్రుకలు కొండమీద స్వామికి ఇస్తామని అత్త మొక్కుకొనింది. కొండ కిందే ఇల్లు, తొందరేముందిలే, ఆడినెలలో కొండమీద జరిగే ఆడికృత్తిక పండగకు ఇద్దామనుకొన్నాము. ఆడి రాకముందే బిడ్డ పోయినాడు. ఆ తర్వాత మా ఆయన ఇంట్లో నిలవలేకపోయినాడు. బిడ్డ మాట ఎత్తలేదు, నన్నొక మాట అనలేదు, ఓడెక్కి పోయినాడు. అత్త మాత్రం ప్రతి పొద్దూ వాకిట్లో కళ్లాపి చల్లి, కొండవైపు తిరిగి, పొరుగింటాయనతో చెప్పినట్టు చెప్పేది: "వస్తాంలే సామీ. నువ్వుండు."

*

పట్నం నుంచి మా ఇంటికొచ్చి పడింది అత్త చెల్లెలు పచ్చయమ్మ. తండయారుపేటలో ఉండేది. జట్కా దిగుతూ రెండు చేతులా ఒక రాయిని కడుపుకు కరుచుకొని దిగింది.

"ఏందే పచ్చా, పానాలు అరచేత పెట్టుకొని పరిగెత్తినామంటావు, చేతిలో జూస్తే పొత్రం!" అనింది అత్త.

"రోలు బండి పట్టలేదక్కా. పొత్రమొకటి ఎత్తుకొచ్చేసినా. జపానోడు నా రోట్లో దేంతో రుబ్బుకుంటాడో రుబ్బుకోనీ."

అత్త నవ్వింది. ధనుర్మాసం తర్వాత అత్త నవ్వు వినడం నాకదే మొదలు. కానీ పచ్చయమ్మ కాళ్లు కడుక్కొని లోపలికొచ్చి, నడవలో బొంత పరుచుకొని కూర్చున్న నన్ను చూసి మొగం మార్చేసింది.

"ఈ ఎండలో బొంతేందే? ఎవురికి?"

"ఎవురికీ కాదు చిన్నత్తా. ఊరికే."

"ఊరికేనంట." ఆమె అక్క దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. తగ్గించినా గోడ అవతలికి వినబడే గొంతు అది. "అక్కా, రంగూన్ నుంచి వొచ్చేటోళ్లు వొచ్చేసినారు. మా వీధిలోనే ముగ్గురి చేతులు బోసిపోయినాయి. నీ కొడుకు తణికాచలం ఉండాడో లేడో తేల్చకుండా ఈ పిల్లకు ఎన్నాళ్లని పసుపుకుంకాలు పెడతావు? పెద్దోళ్లను పిలిచి తేల్చెయ్. నాన్చుకుంటే ఇంటికి మంచిది కాదు."

"నీ పొత్రం ఆ మూలకు పెట్టు పచ్చా. కాలిమీద పడుతుంది" అనింది అత్త.

తేల్చడమంటే ఏమిటో నాకు తెలుసు. నా మెడలో తాళి తీసి పాలలో వెయ్యడం, మా ఆయనకు పిండం పెట్టడం. ఆయన లేడని ఊరు ఒప్పుకోవడం. ఒకసారి ఊరు ఒప్పుకొన్నాక ఆయన వీధిలో నడిచొచ్చినా సగం దయ్యమే. నేను తల వంచుకొని కుట్టుకున్నాను. ఆ పొద్దు రెండుసార్లు సూది వేలికి దిగింది.

*

వైశాఖంలో ఒక ఉదయం అత్త బయట్నుంచి పిలిచింది. "వరదా, తిన్నెమీద ఎవురో పడుండాడు. గంజి పట్రా."

ఎముకల గూడు. చలిజ్వరం. ఎండ అప్పుడే చురచురమంటావుంటే వాడు మాత్రం మెడ దాకా ఒక మట్టిగుడ్డ చుట్టుకొని దడదడ వణుకుతావున్నాడు. పేరు పొన్నుస్వామి. నగరి పక్క పల్లె. రంగూన్ రేవులో మూటలు మోసేవాడు. అడవుల్లో కొండల్లో నడిచి, కలకత్తా చేరి, పట్నానికొచ్చి, అక్కడ రైలెక్కితే జ్వరం చూసి పక్కనున్నోళ్లు తిరుత్తణిలో దించేసినారు.

రంగూన్ అనగానే అత్త వాడి పక్కన కూలబడింది. "తణికాచలమని, మిల్లులో మేస్త్రీ. పొడుగ్గా ఉంటాడు. నడుస్తా ఉంటే కుడిభుజం కొంచెం వొంగుతుంది. యాడైనా చూసినావా నాయనా?"

"దావలో అందురూ వొంగే నడిచినారమ్మా. యాడని చూసేది?"

నేను గంజి సట్టి దించుతూ వాడి మీది గుడ్డను చూసినాను. ముందు గుర్తుపట్టింది గుడ్డను కాదు, నా చేతిని. వరస తిరిగే చోట సూదిని ఒక అడుగు వెనక్కి వేసి తిప్పుతాను. మా అమ్మ చేతిమీద కొట్టినా పోని అలవాటు. మట్టి కింద, వరస చివర వరస, ఆ వెనకడుగులన్నీ ఉన్నాయి. తర్వాత రంగు కనబడింది. నా పెండ్లినాటి మామిడిపండు రంగు చీర, కొంగు ముక్క.

గంజి ఒలకలేదు. అది నాకిప్పటికీ ఆశ్చర్యమే. సట్టి కింద పెట్టి, దుప్పటి సర్దినట్టు వాడి కాళ్ల దగ్గరికి చెయ్యి పోనిచ్చి నాలుగో మూల పట్టుకొన్నాను.

మూసి ఉంది.

చీపురుపుల్ల లేదు. నల్లపోగుతో, సన్నగా, ఎడమకు వాలిన కుట్లు. నా కుట్లు బియ్యపు గింజంత ఉంటాయి. అవి ఆవగింజంతే ఉన్నాయి. మగచేతి కుట్టు కాదు. ఎవరో ఆడమనిషి, తీరిగ్గా కూర్చొని, నా మూలను మూసేసింది. వేళ్ల మధ్య నలిపితే లోపల ఏదో చిన్న ఉండ తగిలింది.

"ఈ బొంత యాడిది నాయనా?"

"కొన్నా తల్లీ. దావలో." వాడు నా కళ్లలోకి చూడలేదు.

"నాకిచ్చెయ్. మంచి కంబళిస్తా."

"కంబళి గీరుతుంది తల్లీ." బొంతను ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. "ఇది లేకుంటే ఆ కొండలు దాటేవోణ్ణి కాదు. దీన్ని వొదల్ను."

"ఇట్లాంటిదే కొత్తది కుట్టిస్తే?"

వాడు బొంత అంచును వేళ్లతో తడిమినాడు. "జొరం ఇడిసేలోపల కుట్టు. ఇడిసినాక ఒక్క పూట నిలవను. మాయమ్మ ఉండాదో లేదో."

*

వాడు లేచి నడిచేలోపల బొంత ముగియాలి. లేకపోతే నా మూల, దాంట్లో ఉన్నదేదో, నగరి దారి పట్టిపోతాయి. వాడు తిన్నెమీద వణికినంతసేపూ నేను లోపల కుట్టినాను. వాడి జ్వరం తగ్గితే నాకు గుండె దడ. మళ్లీ వస్తే, దేవుడా, లోపల ఎక్కడో నిమ్మళం. ఆ నిమ్మళానికి సిగ్గేసి వాడికి మిరియాల కషాయం కాచి తాగించేదాన్ని.

"దావన పోయేటోడికి కొత్త బొంతా!" అని పచ్చయమ్మ బుగ్గ నొక్కుకొనింది. "రేప్పొద్దున జపానోడొస్తే వాడికి పట్టుపరుపు కుట్టేట్టుండావే!"

"పున్నెం చిన్నత్తా" అన్నాను.

అత్త మాత్రం తన ముదురునీలం చీర, పండగలకు కూడా దాచుకొనేది, తెచ్చి నా ఒడిలో పడేసి పోయింది.

నడవలో పరిచి నాలుగు రాళ్లు పెట్టుకొన్నాను. మిట్టమధ్యాహ్నం ఊరు ఊరంతా పడుకొనేది. వీధిలో కాకి కూడా అరిచేది కాదు. పెద్ద బొంతకు ఇద్దరు ఎదురెదురుగా కూర్చొని కుట్టడం వాడుక. ఒకరు లాగితే ఇంకొకరు వదులుతారు. నాకు ఎదురు ఎవరూ లేరు. ఒంటిగా కుట్టితే గుడ్డ ఒకవైపుకు ముడతపడుతుంది, మాటిమాటికీ లేచి అవతలికి పోయి సర్దాలి.

ఒక మధ్యాహ్నం నేను లేవాల్సిన అవసరం రాలేదు. గుడ్డ బిగువుగానే ఉంది. నేను లాగితే అవతల ఎవరో పట్టుకొన్నట్టు నిలిచింది, వదిలితే వదిలింది. తల ఎత్తితే ఎవరూ లేరు. ఎదర వాకిలి, ఎండ, అంతే. రాళ్ల బరువుకేమోలే అనుకొన్నాను.

మర్నాడు అవతలి కొస చేరుకొని చూస్తే అక్కడ ఒక వరస ముందే కుట్టి ఉంది. సన్నగా. ఆవగింజలు. ఎడమకు వాలి.

నిద్రమత్తులో నేనే కుట్టినానా? ఆ మూలను అన్నిసార్లు తడిమి తడిమి నా చేతికి ఆమె వాటం అంటుకొనిందా? ఏమో. విప్పేద్దామని సూదిమొన పెట్టినాను. ఒక్క కుట్టు లేపి మళ్లీ దించేసినాను. అంత మంచి కుట్టు విప్పబుద్ధి కాలేదు.

నాకు భయం కన్నా కోపం ఎక్కువ. ఎవరే నువ్వు? నేను తెరిచి పంపింది నువ్వెందుకు మూసినావు? చిరుగనుకొన్నావా? చేతకాని పెండ్లాం సగంలో వదిలేసిందనుకొని ముచ్చటగా బాగుచేసినావా? ఆయనైనా చెప్పలేదా నీకు, దాన్ని మూస్తే నా దారి మూసుకుపోతుందని?

అత్త వచ్చి గడపలో నిలబడింది. బొంత చూసింది. ఆ అవతలి కొస కూడా చూసింది.

"ఎవురే నీకు ఎదురు కూర్చుండేది?"

"ఎవురూ లేరత్తా."

"ఊఁ" అని, ఆ కొస తొక్కకుండా చుట్టూ తిరిగి, వంటింట్లోకి పోయింది.

*

పొన్నుస్వామి లేచిన ఉదయానికి నా బొంత ముగిసింది. తెల్లవారుతూనే చివరి ముడి వేసినాను. వాడు పోయేది సొంతింటికి కాబట్టి నాలుగు మూలలూ మూసినాను.

కొత్త బొంత చేతికిచ్చినాక వాడు దాన్ని తిప్పి తిప్పి చూసినాడు. మొగానికి ఆనించుకొన్నాడు. పాతది మడిచి నా ముందు పెట్టినాడు గాని చెయ్యి తియ్యలేదు.

"ఇంత పనితనం ఒంటిమీద ఏసుకొని అబద్దంతో పోలేను తల్లీ. నేను దీన్ని కొనలా."

నేను వాడి ఎదురుగా గడపమీద కూర్చున్నాను. చేతిలో సూది అట్లనే ఉంది.

"కొండల్లో, ఒక వాగు దగ్గర. దావ పక్కన నేలమీద పరిచినట్టు అగుపించింది. కింద మనిషుండాదని దగ్గరికి పోతేగాని తెలీలా. తలమీంచి నిండా కప్పి, నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టిండారు. చదునైన రాళ్లు, వాగులో వెతికి తెచ్చినట్టు. ఆ దావలో పడిపోయినోళ్ల మీద ఆకేసినోడు లేడు తల్లీ. దీన్ని మాత్రం ఒక్క ముడత లేకుండా, దువ్వినట్టు పరిచిండారు. నాకు జొరం. పైన వాన. రాళ్లు తీసి లాగేసినా."

"మొగం?"

"చూడలా. చూసుంటే తీసుకోగలనా? పాదాలు మాత్రం అగుపించినాయి. చిన్నవి. ఆడమనిషివి. మెట్టెలు లేవు, పసుపు లేదు. మన పక్క మనిషి కాదు."

"పక్కన ఇంకెవురైనా?"

"ఎవురూ లేరు. కింద ఉండింది ఆ ఒక్కతే." వాడు లేచినాడు. "రాళ్లు మళ్లీ పెట్టొచ్చినా తల్లీ. బొంత లేకపోయినా, ఉండిన చోటనే నాలుగూ పెట్టొచ్చినా. ఎందుకో."

వీధి చివర తిరిగేదాకా వాడి భుజం మీద అత్త నీలం చీర కనబడతా ఉండింది.

*

తలుపు చాటు నుంచి అత్త వచ్చింది. అంతా విన్నది.

"నీకు తెలుసా అత్తా, ఈ బొంత...?"

"మావోడు పోయేనాడు మూట కట్టింది నేను. ఈ పొన్నుస్వామి తిన్నెమీద పడినపొద్దే తెలుసు." గడియ పెట్టింది. "పచ్చ నీళ్లకు పోయింది. విప్పు."

నేను పోగు తెంచలేదు. సూదిమొనతో ఒక్కో కుట్టూ లేపి, నల్లపోగు మొత్తంగా వచ్చేటట్టు లాగినాను. లోపల పట్టుగుడ్డ పేలిక, ఎర్రటిది, అలల మాదిరి నేత. మన పక్క నేత కాదు. దాంట్లో పసుపు పూసిన పోగుతో కట్టిన వెంట్రుకల కుచ్చు. నల్లగా, ఊదితే ఎగిరిపోయేటంత మెత్తగా.

బిడ్డ వెంట్రుకలు. పుట్టువెంట్రుకలు.

అత్త అరచేతిలో పెట్టుకొని చాలాసేపు చూసింది. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకొనింది. "వాడివి కూడా ఇంత మెత్తగానే ఉండె" అనింది. ఏ వాడో చెప్పలేదు. కొడుకో, కొండెక్కకుండా పోయిన మనవడో.

గోడవైపు తిరిగి మళ్లీ అనింది: "నీకు కోపమొస్తే ఇప్పుడే ఏడ్చెయ్. నేను వాకిట్లో కూచుంటా. కడుపులో మాత్రం పెట్టుకోవద్దు."

కోపమొచ్చింది. రాదా? నాలుగేండ్లు నేనిక్కడ కొండవైపు చూస్తా కూర్చుంటే, ఆయనకు అక్కడ ఒక ఇల్లు, ఒక ఆడది, ఒక బిడ్డ. ఏడుద్దామనే కూర్చున్నాను. కానీ నా చేతిలో ఆ నల్లపోగు ఉంది. దాని మైనం ఇంకా పోలేదు. తిరుత్తణి ఏడ ఉందో, కొండమీది తణికేశుడెవరో ఆమెకేం తెలుసు? ఆయన చెప్పి ఉంటాడు, మొక్కుందని. బిడ్డ వెంట్రుకలు కొండకు చేరాలని. ఎవరి మొక్కో, ఎవరి చచ్చిన బిడ్డ బదులో, తన బిడ్డ వెంట్రుకలు తన పట్టుగుడ్డలో చుట్టి, అవి జారిపోకుండా, ఆవగింజంత కుట్లతో, ముట్టుకోవాల్సిన అవసరం లేని సవతి బొంతలో దాచింది. ఆమె నా దారి మూయలేదు. దారిలో పోగొట్టుకోకూడని దాన్ని మూసింది.

నేను ఏడ్చినాను. దేనికేడ్చినానో అత్త అడగలేదు.

"ఒక మాట విను వరదా" అనింది కాసేపటికి. "చచ్చినోళ్లు తమ మీద తాము రాళ్లు పెట్టుకోరు."

తల ఎత్తినాను.

"బొంత పరిచి, లాగి, నాలుగు రాళ్లు పెట్టి, దువ్వినాడు. అట్ల దువ్వేది ఎవురు? ఉండేది ఒక్క బొంత. దాన్ని ఆ పిల్ల మీద కప్పేసి పోయినాడు. బిడ్డ ఆడ లేదు. అంటే చంకనేసుకొని పోయినాడు." అత్త వెంట్రుకల కుచ్చును మళ్లీ పేలికలో చుట్టింది. "ఆ పొద్దుకు బతికిండాడు. నాకదే చాలు."

తలుపు దబదబా మోగింది. పచ్చయమ్మ. "పట్టపగలు గడియేందే? ఆ మట్టిబొంతలో నిధి యేమన్నా దొరికిందా?"

"నల్లులు దొరికినాయి. నీకు కావాల్నా?" అని అత్త గడియ తీసింది.

*

ఆడి వచ్చింది. బాంబులు రాలేదు, పట్నంవాళ్లు ఒక్కొక్కరే తిరుగురైలెక్కుతావున్నారు. పచ్చయమ్మ పోయేముందు కడసారిగా కూర్చోబెట్టి అడిగింది.

"తేలుస్తావా లేదా అక్కా?"

"తేలింది. మావోడు దావలో ఉండాడు."

"ఎవురు చెప్పినారు?"

"రాళ్లు చెప్పినాయి."

పచ్చయమ్మ అక్కను చూసింది, నన్ను చూసింది, పొత్రం ఎత్తుకొని జట్కా ఎక్కింది. అక్కకు మతి చలించిందని తండయారుపేటంతా చెప్పి ఉంటుంది. చెప్పనీ. మతి చలించిన ముసలిదాని కోడలి తాళి మీదికి ఎవరూ రారు. అత్తకు ఆ సంగతి బాగా తెలుసు.

ఆడికృత్తిక నాడు కొండంతా కావళ్లు, పూలు, హరోహర కేకలు. అత్త, నేను మెట్లెక్కినాము. మంగలి ముందు ఎర్రపట్టు పేలిక విప్పితే వాడు బిడ్డ కోసం వెతుక్కున్నాడు.

"బిడ్డ యాడమ్మా? బిడ్డ లేకుండా పుట్టెంటికలేంది?"

"బిడ్డ వస్తావుంది. దావ దూరం. ఎంటికలు ముందొచ్చినాయి" అనింది అత్త.

"మొగబిడ్డా, ఆడబిడ్డా?"

అత్త నన్ను చూసింది, నేను అత్తను చూసినాను. అది ఇద్దరికీ తెలియదు.

"సామికి తెలుసు" అన్నాను నేను.

వాడికేమనిపించిందో, కత్తెర తీసి ఆ కుచ్చును గాలిలో ఒకసారి తాకించి, ఇప్పుడే కోసినట్టుగా, మిగతా బిడ్డల వెంట్రుకల్లో కలిపినాడు. అత్త కొండమీది ధ్వజస్తంభం వైపు తిరిగింది. "వచ్చినాం గదా సామీ" అనింది. అంతే. పట్టుపేలిక మాత్రం నా కొంగున ముడేసుకొన్నాను.

ఆ రాత్రి పాత బొంతను నడవలో పరిచినాను. పద్ధతి పద్ధతే, వచ్చిన మనిషి ఒక రాత్రి పడుకోవాలి. మేము లోపల పడుకొన్నాము. పొద్దున లేచి చూస్తే, నడుమ గుడ్డ అణిగి ఉంది, ఎవరో ఒత్తిగిలి ముడుచుకొని పడుకొన్నట్టు. చిన్న మనిషి. పిల్లి కావచ్చు. మా ఇంట్లో పిల్లి లేదు, పక్కింట్లో ఉంది.

నాలుగో మూలలో ఆ పట్టుపేలికను పెట్టి, దాచిన ఆ నల్లపోగునే సూదికెక్కించినాను. ఆవగింజంత కుట్లు, ఎడమకు వాలుగా, ఆమె కుట్టినట్టే. చివర ముడి మాత్రం నాది.

అత్త చూస్తా నిలబడింది. "ముడి వేసేసినావా?"

"వేసేసినా అత్తా. ఇది ఇంటికొచ్చిన మనిషిది. ఆయనకు వేరే కుడతా."

ఆ పొద్దే పరిచినాను. ఆయన పాత పంచెలు, నా చీరలు, నాలుగు రాళ్లు. ఆ బొంతకు మూడు మూలలే మూసినాను. నాలుగోది ఈ పొద్దుటికీ అట్లనే ఉంది, చీపురుపుల్లకు పోగు చుట్టుకొని.

మధ్యాహ్నం ఊరు పడుకొనింది. నేనొక కొస నుంచి కుడతావుంటే అవతల గుడ్డ బిగువుగా నిలిచింది. నేను తల ఎత్తలేదు. అత్త వంటింట్లోంచి మజ్జిగ తెచ్చింది. ఒక లోటా నా పక్కన పెట్టింది. బొంత తొక్కకుండా చుట్టూ తిరిగి పోయి, రెండో లోటా అవతలి కొసన పెట్టి, కొంగుతో మొగం తుడుచుకుంటూ లోపలికి పోయింది.

పోగు అవతల్నుంచి ఒకసారి గట్టిగా లాగింది.

"మెల్లిగా చెల్లీ" అన్నాను. "తొందరేముంది, ఆయన రావాల గదా."